ఎక్కణ్ణించి బయలుదేరుదాం

జహనుమా, హైదరాబాద్
కార్తీక సోమవారం

వసుధా,

నా రాత చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోనే చేద్దామనుకున్నాను గానీ ఈ కొత్త చెవి మిషన్‌తో పెద్ద చిక్కొచ్చిపడింది. ఎదురుగా కూర్చున్న మనిషి మాట బాగానే వినిపిస్తుంది. ఫోన్ దగ్గర పెట్టుకుంటే మాత్రం చెవిలో కుక్కర్ కూత. పోయిన నెల నువ్వు చేసినప్పుడు నువ్వొకటి అడిగితే నేనొకటి చెప్పి, చివరికి ఇద్దరం నవ్వుకుని పెట్టేశాం కదా. మెసేజీలు కొడదామంటే ఒక అక్షరం బదులు నాలుగు పడతాయి. ఇన్నేళ్లు బడిలో బోర్డు మీద రాసిన చెయ్యి, కాగితం ఇస్తే ఇంకా కుదురుగానే నడుస్తోంది.

నడక అంటే గుర్తొచ్చింది. అసలు సంగతి అదే. ఈ శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్దామనుకుంటున్నాను. నువ్వు ఈ ఇంట్లో ఉన్నప్పుడు సాయంత్రాలు చాంద్రాయణగుట్ట దాకా నడిచి వెళ్లేవాళ్లం. చౌరస్తా దగ్గర నిలబడి నువ్వు, "గిట్లనే సీదా పోతే శ్రీశైలమే గద అత్తమ్మా, వాపస్ పోవుడెందుకు" అనేదానివి. నేను పాలు తోడు పెట్టాలని నిన్ను వెనక్కి లాక్కొచ్చేదాన్ని. ఇప్పుడు నాకు తొందరపడాల్సిన పనులేవీ లేవు. డాక్టరమ్మ మోకాళ్లు వంచి చూసి, "మెల్లగ వోండ్రి, పోటీలు వెట్టుకోకుండ్రి" అని ఒప్పుకుంది.

మన గల్లీ చివర మొగులయ్య నీకు గుర్తుండే ఉంటాడు, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఏటా మాల వేసుకుని ఒక గుంపును నడిపిస్తాడు. సామాన్లకు, వంటకు వెనకాల ఒక ట్రాలీ ఆటో ఉంటుంది. మనిద్దరి పేర్లూ ఇచ్చేశాను. నిన్ను అడక్కుండానే ఇచ్చాను, తిట్టుకో.

ఇక తేలాల్సింది ఒక్కటే. గుంపు అంతా చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద కలుస్తుందట. అక్కడిదాకా ఆటోలో వెళ్లి, దిగి, ఇదిగో ఇక్కణ్ణించి యాత్ర అనుకోవడం నాకు నచ్చలేదు. మన గేటు ముందే కాళ్ల మీద నీళ్లు పోసుకుని మొదటి అడుగు వెయ్యాలి. నువ్వు ముందురోజే వచ్చేయ్. పులిహోర కలిపి ఉంచుతాను.

విమల


కల్వకుర్తి

అత్తమ్మా,

మీ ఉత్తరం కాలేజీకి వచ్చింది. అటెండర్ దాన్ని స్టాఫ్‌రూంలో అందరి ముందూ ఎత్తి చూపించాడు. "ఎవరు రాసింది?" అని అడిగారు. "మా అత్తమ్మ" అన్నాను. మా జువాలజీ మేడం ముఖం చూడాల్సింది మీరు. విడాకులైంది మీ అబ్బాయితో గానీ మీతో కాదని ఈ మూడేళ్లుగా ఆవిడకు చెప్పి చెప్పి అలసిపోయాను.

వస్తాను. ఈ మాట ముందు రాస్తున్నాను, మిగతాది చదివి మీరు బాధపడకుండా. సెలవు కూడా అడిగేశాను.

కానీ ఆ గేటు దగ్గరికి రాలేను అత్తమ్మా. కోపం కాదు. నేను రెండు సూట్‌కేసులతో ఆ గేటు దాటిన రోజు ఒకటి మీరు లాక్కుని, ఫలక్‌నుమా బస్టాండ్ దాకా నాతో నడిచారు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి అరటిపళ్లు నా ఒళ్లో పడేశారు. అంత మర్యాదగా వచ్చేసిన చోటికి ఇప్పుడు బ్యాగు తగిలించుకుని వచ్చి కిశోర్‌కు ఎదురుపడి, "బాగున్నరా" అని అడగడం నా వల్ల కాదు. అతనికీ ఇబ్బందే.

నాకొకటి తోచింది. మీరు హాయిగా బస్సెక్కి కల్వకుర్తి వచ్చేయండి. ఇద్దరం ఇక్కణ్ణించి బయలుదేరుదాం. ఊళ్లోంచి తుక్కుగూడ దాటేదాకా ఏముంది, లారీలూ దుమ్మూ. అసలు నడక డిండి దాటి, అడవి మొదలయ్యాకే. నా గది మేడ మీద. కింద ఇంటావిడ నాగమణమ్మ గారికి మీ సంగతి చెప్తే, "పెద్దమ్మను తోల్కరా బిడ్డా, నేను జొన్నరొట్టెలు జేసి వెడ్త" అంది. మీ మోకాళ్లకూ సగం కష్టం తప్పుతుంది.

ఆలోచించండి.

మీ వసుధ


జహనుమా
మార్గశిరం

వసుధా,

నువ్వు వస్తానన్న వాక్యం చదివి ఉత్తరం మడిచి, కాఫీ కలుపుకుని తాగి, తర్వాత మిగతాది చదివాను. మంచి పని చేశాను.

సగం దారిలో మొదలుపెట్టిన నడకకు నేనొప్పుకోను. నా పిల్లలు లెక్క మధ్యలోంచి చేసుకొస్తే నేను మార్కులు వేసేదాన్ని కాదు. అయినా నేను చెప్పిందే వేదమనుకోకుండా, యాత్ర ఎక్కణ్ణించి మొదలైనట్టని నలుగురినీ అడిగాను. గుడిలో శ్రీపాద పంతులుగారు, "దేవుని ముంగట సంకల్పం చెప్పుకోని గుడికెల్లి ఎల్లాలమ్మా" అన్నారు. మొగులయ్య, "సామాన్లు యాడ లోడయితే గాడికెల్లే యాత్ర" అన్నాడు. కూరగాయల బండి బేబీ మాత్రం, "చెప్పు యాడ కరుస్తదో గాడికెల్లే అసలు నడక మొదలైనట్టు అమ్మా" అని ఒక టమాటా ఎక్కువ వేసింది.

చెప్పులంటే జ్ఞాపకం వచ్చింది. పత్తర్‌గట్టికి వెళ్లి బూట్లు కొన్నాను. బూట్లే, నవ్వకు. నా జన్మలో మొదటిసారి లేసులు కట్టుకున్నాను. దుకాణంలో పెద్దాయన నేను చీర మీద బూట్లు వేసుకుని అటూ ఇటూ తిరుగుతుంటే ఓపిగ్గా చూసి, "కహాఁ తక్ జానా అమ్మా?" అని అడిగాడు. శ్రీశైలం అన్నాను. వెంటనే ఆ జత లాగేసి ఇంకొకటి తెచ్చాడు. "చల్తే చల్తే పాఁవ్ సూజ్‌తే. ఏక్ నంబర్ బడా లేవ్." నడిచేకొద్దీ పాదాలు వాస్తాయి, ఒక సైజు పెద్దది తీసుకోమని. డబ్బాలో వేసి ఇస్తూ, "హమారే వాస్తే భీ దువా కరో" అన్నాడు, తమ కోసం కూడా మొక్కుకోమని. తప్పకుండా అన్నాను.

రోజూ పొద్దున చార్మినార్ దాకా నడిచి, ఇరానీ చాయ్ తాగి, బస్సులో వచ్చేస్తున్నాను. ఒకరోజు బార్కస్ వైపు కూడా వెళ్లి చూశాను. దారి బాగానే ఉంది. నీ మాట కూడా కాదనకుండా, నా మాట కూడా పోకుండా ఫ్లైఓవర్ కిందే కలుద్దామా? అది నా ఇల్లూ కాదు, నీ గదీ కాదు. నేను గేటు నుంచి అక్కడికి నడిచొస్తాను. నువ్వు బస్సు దిగి నిలబడు.

ఇంట్లో గోడలకు రంగులేస్తున్నారు. సామాన్లన్నీ నడి హాల్లో కుప్ప. అందుకే ఉత్తరం ఆలస్యమైంది.

విమల


కల్వకుర్తి
పుష్యం

విమలాదేవి గారికి,

నమస్కారం.

నిన్న బేబీ ఫోన్ చేసింది. సంక్రాంతికి ఊరెళ్లే బస్సులో ఉందట, ఊరికే పలకరిద్దామని చేసింది. "సార్‌కు పెండ్లి ఖాయమైంది గద మేడం, ఇంటికి రంగులు గిట్ట ఏస్తున్నరు, మీకు ఎర్కే ఉంటది" అంది. ఎరుకే అన్నాను.

కిశోర్ పెళ్లి చేసుకోవడం మంచిదే. నిజంగానే అంటున్నాను. అతను ఒంటరిగా ఉండే మనిషి కాదు. నాకు కష్టం కలిగించింది అది కాదు. రంగులేస్తున్నారని రాసిన చెయ్యి, ఎందుకేస్తున్నారో రాయలేకపోయింది. బూట్ల దుకాణంలో పెద్దాయన ఏమన్నాడో కూడా రాశారు.

కొత్త కోడలు రాబోతున్న గేటు ముందు నన్ను నిలబెట్టి నీళ్లు పోద్దామనుకున్నారా? ఆ అమ్మాయికి ఎలా ఉంటుందో ఆలోచించారా? ఇక మీకు తోడుగా నడవడానికి ఇంట్లోనే మనిషి ఉంటుంది. నా పేరు మొగులయ్య గారి గుంపులోంచి తీసేయించండి.

ఆరోగ్యం జాగ్రత్త.

వసుధ


జహనుమా
పుష్యం

వసుధా,

విమలాదేవి గారు నీ ఉత్తరం చదివారు. ఆవిడకు బాగా తగిలింది. ఇప్పుడు రాస్తున్నది మీ అత్తమ్మ.

రాద్దామని రెండు ఉత్తరాల్లోనూ కలం పట్టుకున్నాను. మొదట నువ్వు వస్తానని చెప్పనీ, తర్వాత రాద్దాం అనుకున్నాను. వస్తానన్నాక, ఇప్పుడు రాస్తే రానంటుందేమో అనుకున్నాను. నిన్ను ఎలాగైనా నా పక్కన నడిపించుకోవాలన్న ఆశే తప్ప అందులో వేరే ఏమీ లేదు. అయినా నీకు ముందు నేనే చెప్పాల్సింది. బేబీ నోట వినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇప్పుడు ఏదీ దాచను. అమ్మాయి పేరు తన్మయి. మందుల కంపెనీలో పని చేస్తుంది. ఆమెకూ ఇది రెండో పెళ్లే. ఫాల్గుణంలో ముహూర్తం. రంగులు చూడ్డానికి ఒకసారి వచ్చింది. హాల్లో సామాన్ల కుప్పలో నా బూట్ల డబ్బా చూసి ఎవరివని అడిగితే మొత్తం చెప్పాను. నీ సంగతి కూడా. కిశోర్ అక్కడే ఉన్నాడు.

"అమ్మా, వసుధ రానంటే బలవంతం చెయ్యకు" అన్నాడు వాడు.

"ఆమె నీ కోసం వస్తలేదురా, నా కోసం వస్తది" అన్నాను.

వాడు కిటికీకి పూసిన రంగు ఆరిందో లేదో వేలు పెట్టి చూశాడు. వేలు పచ్చగా అయింది. తన్మయి నవ్వు ఆపుకుని నా దగ్గరికొచ్చి కూర్చుంది. "అత్తమ్మా, మీరు ఆమెతోనే పోండ్రి. నాకు ఏం ఫికర్ లేదు. నేను లిఫ్ట్ లేకుంటే మా ఆఫీసుకే పోను, గంత నడక నాతోని గాదు" అంది. మంచి పిల్ల. నీకు నచ్చుతుందనను, నచ్చాలని కూడా లేదు.

నువ్వు అడిగినదాంట్లో ఒకటి మాత్రం నిజం. నా గేటు దగ్గర నిన్ను నిలబెట్టాలనుకోవడంలో నా మొండితనం ఉంది. అక్కణ్ణించి మొదలైతే ఏమీ మారనట్టు ఉంటుందనిపించింది. మారింది. మారినా నాకు నువ్వు కావాలి. అందుకని గేటు సంగతి వదిలేశాను. ఫ్లైఓవర్ వదిలేశాను. నువ్వు ఎక్కణ్ణించి అంటే అక్కణ్ణించే. కల్వకుర్తి అంటే కల్వకుర్తే. బస్సెక్కి వచ్చేస్తాను.

మొగులయ్య దగ్గర నీ పేరు తీయించలేదు. ఆ ఒక్క మాటా వినలేదు, క్షమించు.

విమల


కల్వకుర్తి
మాఘం

అత్తమ్మా,

రెండు రోజులు జవాబు రాయకుండా ఉందామనుకున్నాను. ఒక పూట కూడా ఉండలేకపోయాను.

కిశోర్ వేలు సంగతి చదివి పగలబడి నవ్వాను. నాగమణమ్మ గారు మెట్లెక్కి వచ్చి, "ఏమైంది బిడ్డా" అని అడిగింది. ఏమని చెప్పను? మాజీ మొగుడి వేలుకు రంగంటిందని చెప్పాను. ఆవిడ కూడా నవ్వింది. నవ్వాక కాసేపు ఏడుపు వచ్చింది. తర్వాత ఆకలేసింది. అన్నీ వరసగా అయిపోయి ఇప్పుడు బాగున్నాను. తన్మయికి నేను అడిగానని చెప్పండి.

మీరు బస్సెక్కి రావద్దు. మీ నడకను మీ గేటు నుంచే మొదలుపెట్టండి. లెక్క మధ్యలోంచి చేస్తే మార్కులు వెయ్యని టీచర్ చేత నేను ఆ పని చేయిస్తానా? మీరు మీ గేటు నుంచి గుంపుతో రండి. నేను నా గది మెట్ల మీంచి దిగి, మీరు కల్వకుర్తి చేరిన పొద్దున కలుస్తాను. ఎవరి ఇంటి నుంచి వాళ్లం బయలుదేరుదాం. అక్కణ్ణించి అడవి దాకా, అడవి దాటి కొండ దాకా ఇద్దరం.

ఆ రోజు జొన్నరొట్టెలు ఖాయం. బూట్లు ముందే కాస్త అరగదీయండి, కొత్తవి కరుస్తాయి.

మీ వసుధ


కడ్తాల్, ఒక ఫంక్షన్ హాల్ వరండా
మధ్యాహ్నం

వసుధా,

ఈ చీటీ కృపాకర్ చేత పంపుతున్నాను. మా ట్రాలీ ఆటో అతనిదే. ఆదివారం చర్చి, శివరాత్రికి మా గుంపు, రెండూ తప్పడు. కల్వకుర్తిలో మా బస చూడ్డానికి ముందుగా వస్తున్నాడు. మొగులయ్య ఫోన్‌లో నీకు చెప్పించవచ్చు గానీ, ఇది మధ్యలో మనిషితో చెప్పించే మాట కాదు.

బయలుదేరడం ఎంత బాగా జరిగిందో. కిశోర్ బిందె తెచ్చి నా కాళ్ల మీద నీళ్లు పోసి, గల్లీ మలుపు దాకా వచ్చాడు. చాంద్రాయణగుట్టలో పూల దుకాణాల వాళ్లు మాకు దండలు వేశారు. పహాడీ షరీఫ్ దగ్గర ఎవరో మజ్జిగ ప్యాకెట్లు పంచారు. కందుకూరు దాకా నేను గుంపు మధ్యలో ఉన్నాను.

తర్వాత వెనకపడ్డాను. కుడి మడమ మీద బొబ్బ లేచి చితికింది. మొగులయ్య పొద్దున నా దగ్గర కూర్చుని, "అమ్మా, తప్పేం లేదు, ఆటో ఎక్కుండ్రి. కల్వకుర్తి దాకా ఎక్కి, ఆడికెల్లి మళ్ల నడువుండ్రి. దేవుడు హాజరు పట్టీ వెట్టుకోని కూసోడు" అన్నాడు. ఎక్కితే ఈ సాయంత్రమే నిన్ను చూస్తాను. ఆ ఆశతోనే ఒక కాలు పైకి పెట్టాను కూడా. మళ్లీ దించాను.

గుంపు ఇక్కణ్ణించి ముందుకు వెళ్లిపోతోంది. నేను రేపు పొద్దున మెల్లగా బయలుదేరతాను, ఎప్పటికి చేరతానో తెలియదు. నువ్వు నా కోసం ఆగకు. గుంపు మీ ఊరు రాగానే వాళ్లతో ముందుకు వెళ్లు. నీ సెలవు కూడా కొద్దే కదా. చేరగలిగితే కొండ మీద కలుద్దాం.

నాకు బాధగా లేదు. మడమ ఒక్కటే నొప్పి.

విమల


కల్వకుర్తి
సాయంత్రం, మెట్ల మీద కూర్చుని

అత్తమ్మా,

కృపాకర్ గారిని పది నిమిషాలు ఆగమని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆయన తిరిగి మీ దగ్గరికే వస్తున్నారట. దూది, మందు, మెత్తని సాక్సులు రెండు జతలు పంపుతున్నాను. మడమకు మందు రాసి రెండు జతలూ ఒకదాని మీద ఒకటి వేసుకోండి. ఆయన రేపంతా బండిని మీ వెనకే మెల్లగా పోనిస్తానన్నారు.

ఆటో ఎక్కకండి. తొందరా పడకండి.

రేపు తెల్లవారగానే నేను బయలుదేరుతున్నాను. శ్రీశైలం వైపు కాదు, మీ వైపు. వెల్దండ మీదుగా ఆమనగల్లు దారి పట్టి వస్తాను. మీరు ఎక్కడ కనిపిస్తే అక్కణ్ణించి మీతో వెనక్కి తిరుగుతాను. నాగమణమ్మ గారు, "దేవునికి ఈపు జూపి నడుస్తవా బిడ్డా" అని అడిగింది. "మళ్ల అటే తిరుగుత గద పెద్దమ్మా" అన్నాను. రొట్టెలు కట్టిస్తోంది.

రోడ్డుకు కుడి పక్కనే రండి. అప్పుడు ఎదురుగా వచ్చే బండ్లు మీకు కనిపిస్తాయి.

వసుధ


జహనుమా
శివరాత్రి వెళ్లిన వారం

వసుధా,

క్షేమంగా ఇల్లు చేరాను. మడమ మానింది. ప్రసాదం గల్లీ అంతా పంచాను. పత్తర్‌గట్టి పెద్దాయనకు కూడా వెళ్లి చెప్పొచ్చాను, దువా చేశానని. ఆయన నా బూట్లు తిప్పి తిప్పి చూసి, అడుగు అరిగినందుకు తన కొడుకులే పాసయినంత సంబరపడ్డాడు.

పెళ్లికి నువ్వు రానక్కర్లేదు. వచ్చే నెల ఒక ఆదివారం నేనే కల్వకుర్తి వస్తాను, బస్సులోనే. తన్మయి కూడా వస్తానంటోంది. నీకిష్టమైతేనే. లేదంటే నేనొక్కదాన్నే వస్తాను.

మనం అడవిలో నడిచింది, కొండెక్కింది నీకూ తెలుసు నాకూ తెలుసు, రాయడానికేమీ లేదు. నీకు తెలియనిది ఒకటుంది, అది చెప్పాలనే ఈ ఉత్తరం.

ఆ రోజు వెల్దండ ఇవతల నువ్వు నన్ను చూడకముందే నేను నిన్ను చూశాను.

రెండు పక్కలా ఏరేసిన పత్తి చేలు. రోడ్డు అక్కడ కాస్త దిగి మళ్లీ లేస్తుంది. నేను దిగే చోట ఉన్నాను. వెనక కృపాకర్ బండి. ముందు ఇంకేదో ఊరి గుంపు, అందరూ మాలలు వేసుకున్న స్వాములు. వాళ్ల మధ్యలోంచి ఒక మనిషి వాళ్లకు ఎదురుగా వస్తోంది. "అమ్మా, ఎవరో ఉల్టా వస్తున్నరు" అన్నాడు కృపాకర్. నాకు ముఖం ఆనలేదు గానీ నడక తెలిసింది. కుడి చెయ్యి ఊపుతావు, ఎడమ చెయ్యి ఊపవు.

ఆ స్వాముల్లో ఒకాయన నిన్ను ఆపి, చెయ్యి చాచి దక్షిణం వైపు చూపించాడు, దారి తప్పావేమోనని. నువ్వు నవ్వి, తల అడ్డంగా ఊపి, ఇటు చూపించావు. ఆయన ఏమనుకున్నాడో గానీ నీకు దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. నువ్వు మళ్లీ నడిచావు.

"పిలువుమంటరా అమ్మా, హారన్ కొట్టాలా?" అని అడిగాడు కృపాకర్.

వద్దన్నాను. నేను చెయ్యెత్తితే నువ్వు పరుగెత్తుకొస్తావని తెలుసు. ఎవరైనా నా కోసం అంత దూరం నడిచి రావడం నేనెప్పుడూ చూడలేదమ్మా. ఇంకాసేపు చూద్దామనిపించి, రోడ్డు పక్కన అలాగే నిలబడిపోయాను.

మీ అత్తమ్మ